హింస, భద్రత, శాంతి: ఒక అధ్యయన శాస్త్ర పరిచయం

“మౌల్వీ సాబ్, మావాడికి విదేశంలో ఎం.ఏ. సీటు వచ్చింది. అల్ హమ్దులిల్లాహ్, సంతోషమే. కానీ ఆ సబ్జెక్టు పేరు విన్నప్పటి నుంచి వాళ్ళమ్మకు నిద్ర లేదు” అంటూ ఒక పెద్దమనిషి ఆ మధ్య నా ముందు ఒక కాగితం పెట్టారు. అది ఒక విశ్వవిద్యాలయపు పాఠ్యక్రమ పత్రం. అనువాదం నా వృత్తి కనుక తెలుగులో చదివి వినిపించమన్నారు. శీర్షికను మార్చి చెప్పాను: ‘రాజకీయ హింస, భద్రత, శాంతి’. ఆయన కాసేపు మౌనంగా ఉండి, “హింసను చదవడమేమిటి సాబ్? అదీ మన పిల్లవాడు చదవడమా?” అని అడిగారు.

ఆయన మాటలో రెండు ప్రశ్నలున్నాయి. హింస అనేది విద్యకు వస్తువు కాగలదా అన్నది మొదటిది. ఈ కాలంలో ఒక ముస్లిం యువకుడు ఆ విద్యకు పోవడం క్షేమమేనా అన్నది రెండవది. రెండూ కొట్టిపారేయదగిన ప్రశ్నలు కావు. ఆ రోజు ఆయనకు తొందరలో చెప్పిన సమాధానాన్నే ఇక్కడ కొంత వివరంగా పాఠకుల ముందుంచుతున్నాను.

ఈ శాస్త్రం ఎలా పుట్టింది?

1914-18 నాటి మహాయుద్ధం ఐరోపాను శ్మశానం చేసింది. ఇంతటి ఘోరం మళ్ళీ జరగకూడదంటే యుద్ధాలు ఎందుకు వస్తాయో శాస్త్రీయంగా తెలుసుకోవాలన్న ఆలోచన అప్పుడు బలపడింది. ఆ తలంపుతోనే 1919లో బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, అబెరిస్ట్‌విత్ అనే చిన్న పట్టణపు విశ్వవిద్యాలయంలో, అంతర్జాతీయ రాజకీయాల కోసం ప్రత్యేక ఆచార్య పీఠం ఏర్పడింది. ప్రపంచంలో అటువంటి పీఠం అదే మొదటిది.

ఆ కాలపు మనుషులలో లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్‌ను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆయన వాతావరణ శాస్త్రజ్ఞుడు, క్వేకర్ శాఖకు చెందిన క్రైస్తవుడు. ఆయుధం పట్టనని చెప్పి, యుద్ధంలో క్షతగాత్రులను మోసే అంబులెన్సు దళంలో పనిచేశారు. తర్వాత తుఫానులను లెక్కగట్టిన గణితంతోనే యుద్ధాలనూ లెక్కగట్టబూనుకున్నారు. ఆయన పరిశోధన ఆయన మరణించిన తర్వాత 1960లో గ్రంథంగా వెలువడింది.

ఆయన పద్ధతి సులభంగా అర్థమయ్యేదే. ఒక మనిషి మరొక మనిషిని చంపిన హత్య మొదలుకొని కోట్లమంది మరణించిన ప్రపంచయుద్ధం దాకా అన్నింటినీ ‘ప్రాణాంతక కలహాలు’ అనే ఒకే పేరు కిందికి తెచ్చారు. వాటిని చనిపోయినవారి సంఖ్యనుబట్టి ఒకే కొలబద్దపై అమర్చారు. ఒక్కరు చనిపోతే 0, వెయ్యిమంది చనిపోతే 3, పది లక్షలమంది చనిపోతే 6. చంపినవాడు రాజా, దొంగా, దేశభక్తుడా, ద్రోహియా అన్నది ఆ కొలతలోకి రాదు. ఈ శాస్త్రానికి పునాది ఇదే: ఎవరు చంపినా, ఎవరు చచ్చినా త్రాసు ఒక్కటే కావాలి. పాఠకులు ఈ మాటను గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. తక్కిన వ్యాసమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

తరువాతి కాలంలో ఈ విద్య అనేకచోట్ల వేళ్ళూనింది. 1959లో నార్వే రాజధాని ఓస్లోలో శాంతి పరిశోధనా సంస్థ ఏర్పడింది. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో 1971లోనూ, ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో 1973లోనూ శాంతి అధ్యయన శాఖలు వెలిశాయి. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో 1994లో ఉగ్రవాదం, రాజకీయ హింసల అధ్యయనానికి ప్రత్యేక కేంద్రం ప్రారంభమైంది. మన దేశంలో ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియాలో నెల్సన్ మండేలా పేరుతో శాంతి, సంఘర్షణల పరిష్కార కేంద్రం 2004లో ఏర్పడింది.

మూడు మాటలు, మూడు చిక్కులు

ఈ పాఠ్యక్రమంలో విద్యార్థి మొదట ఎదుర్కొనేది మాటల చిక్కు. అనువాదకుడిగా నాకిది నిత్యానుభవం.

‘హింస’ అనగానే మనకు కత్తి, తుపాకి, బాంబు స్ఫురిస్తాయి. నార్వే పండితుడు యోహాన్ గాల్టుంగ్ 1969లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఈ అర్థాన్ని విస్తరింపజేశారు. వైద్యం అందుబాటులో ఉండి కూడా పేదవాడు నయమయ్యే జబ్బుతో చనిపోతే, అక్కడ కొట్టినవాడెవరూ కనిపించకపోయినా హింస జరిగినట్లేనని ఆయన వాదన. దీనికి ‘నిర్మాణగత హింస’ అని పేరు పెట్టారు. అనగా సమాజపు కట్టడిలోనే దాగి ఉన్న హింస. ‘శాంతి’కి కూడా ఆయన రెండు అంతస్తులు చూపారు. కొట్లాట ఆగిపోతే అది కేవలం అభావ శాంతి. కొట్లాటకు దారితీసిన అన్యాయం తొలగిపోతే అది భావాత్మక శాంతి. అరబీ తెలిసినవారికి ఈ తేడా కొత్తదేమీ కాదు. యుద్ధ విరామానికి ‘హుద్నా’ అనీ, ఉభయుల మధ్య రాజీకి ‘సుల్హ్’ అనీ, భయం లేని స్థితికి ‘అమ్న్’ అనీ వేర్వేరు మాటలున్నాయి. తెలుగులో వీటన్నింటికీ ‘శాంతి’ ఒక్కటే రాసి ఊరుకుంటే పాఠకుడికి సగం విషయమే అందుతుంది.

‘భద్రత’ అన్న మాట చాలాకాలం రాజ్యభద్రతకే పరిమితమై ఉండేది. ఎవరి భద్రత అన్న ప్రశ్నను ప్రపంచం ముందు బలంగా నిలిపినవారిలో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబుల్ హక్ ముఖ్యులు. ఆయన ఆధ్వర్యంలో తయారైన 1994 నాటి ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి నివేదిక ‘మానవ భద్రత’ను ప్రతిపాదించి, దానికింద ఏడు అంశాలను పేర్కొన్నది. ఆహారం, ఆరోగ్యం, జీవనోపాధి కూడా సరిహద్దు రక్షణలాగే భద్రతా విషయాలని ఆ నివేదిక తేల్చింది.

ఇక ‘ఉగ్రవాదం’. మన పత్రికలు ఉగ్రవాదం, తీవ్రవాదం అన్న మాటలను ఒకదాని స్థానంలో ఒకటి వాడుతుంటాయి. ఉర్దూలో దహ్షత్‌గర్దీ వేరు, ఇంతిహాపసందీ వేరు, బగావత్ వేరు. మొదటిది ప్రజలను భయభ్రాంతులకు గురిచేయడం, రెండవది అభిప్రాయంలో అతి, మూడవది ప్రభుత్వంపై తిరుగుబాటు. ఒకడు వీటిలో ఒకటి చేస్తే అతనికి మిగతా రెండు పేర్లూ అంటగట్టడం న్యాయం కాదు. డచ్ పండితుడు అలెక్స్ ష్మిడ్ 1980లలోనే ఉగ్రవాదానికి 109 నిర్వచనాలను సేకరించి పోల్చి చూశారు. ఈ విషయమై ఒక సమగ్ర ఒడంబడిక కావాలని భారతదేశం 1996లో ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించింది. అందరూ ఒప్పుకునే నిర్వచనం కుదరకపోవడమే అది ఆగిపోవడానికి ఒక ప్రధాన కారణం. కనుక విద్యార్థి నేర్చుకునే మొదటి పాఠం ఇది: ఒక పేరు పెట్టే ముందు దాని హద్దులు చెప్పాలి, చెప్పిన హద్దులను మనవారికీ పరాయివారికీ సమానంగా వర్తింపజేయాలి.

లెక్క ఎవరు రాస్తారు?

పేరు తర్వాత లెక్క. ఉప్సాలావారి పట్టికలో ఒక సంఘర్షణ చేరాలంటే ఒక సంవత్సరంలో కనీసం 25 మంది దానిలో మరణించి ఉండాలి. అమెరికాలో 1963లో మొదలైన మరొక ప్రసిద్ధ పథకం ‘యుద్ధం’ అనడానికి వెయ్యి మరణాలను హద్దుగా పెట్టుకున్నది. ఉప్సాలావారు హింసను మూడు రకాలుగా విభజిస్తారు. ఒక పక్షం ప్రభుత్వమైనది, ప్రభుత్వేతర వర్గాలు తమలో తాము పోరాడినది, నిరాయుధులైన పౌరులపై ప్రభుత్వం గాని సాయుధ సంస్థ గాని ఏకపక్షంగా సాగించినది. ఒక ఊరి అల్లర్లలో 20 మంది చనిపోతే ఆ ఊరికి అది ప్రళయమే. కానీ పట్టికలో దానికి చోటు దొరకకపోవచ్చు. హద్దు లేనిదే లెక్క సాగదు. అయితే ఆ హద్దు ఎవరిని వదిలివేస్తున్నదో కూడా విద్యార్థి చూడగలగాలి.

దీనికి మన నేలమీదే ఒక ఉదాహరణ ఉంది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ రోజుల్లోనూ ఆ తర్వాతా జరిగిన మారణకాండపై విచారణకు కేంద్ర ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్ నాయకత్వాన ఒక బృందాన్ని పంపింది. కనీసం 27 వేలనుంచి 40 వేల మంది వరకు ప్రాణాలు కోల్పోయి ఉంటారని ఆ బృందం అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి వెలుగులోకి రాలేదు. లెక్క కట్టినా బయటపెట్టకపోతే చనిపోయినవారు రెండుసార్లు చనిపోయినట్లే.

అయితే త్రాసు ఒక్కటే కావాలని మొదట అనుకున్నాము. పోలీసు చర్యకు ముందు రజాకార్లు పల్లెలపై సాగించిన దౌర్జన్యాలను, 1948లో భైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోతను కూడా ఆ త్రాసులోనే తూచాలి. ‘మనవారి’ మృతులను లెక్కపెట్టి, ‘మనవారి’ చేతిలో చనిపోయినవారిని వదిలివేసే మనిషికి ఈ శాస్త్రంలో చోటు లేదు. అదే న్యాయం అవతలి పక్షానికీ వర్తిస్తుంది.

ఆ నివేదికలోని మరొక అంశం కూడా గమనించదగినది. నేతపనివారిలో వృత్తి బంధం గట్టిగా ఉన్న కొన్నిచోట్ల హిందూ నేతగాళ్ళు తమ ప్రాణాలకు తెగించి ముస్లిం నేతగాళ్ళను కాపాడారని ఆ బృందం రాసింది. ఈ చిన్న వాక్యం వెనుక ఎంత పెద్ద ప్రశ్న ఉన్నదో తర్వాతి పరిశోధనలు చూపించాయి.

జరిగినచోట, జరగనిచోట

హింస జరిగిన ఊరికే వెళ్ళి కారణాలు అడిగితే అక్కడ కనిపించినదల్లా కారణంగానే తోస్తుంది. పేదరికం ఉంది, కనుక పేదరికమే కారణం అంటాము. కానీ అంతే పేదరికం ఉన్న పక్క ఊరు ప్రశాంతంగా ఉంటే? అందువల్ల జరిగినచోటును జరగనిచోటుతో పోల్చాలన్నది ఈ శాస్త్రంలోని ముఖ్యమైన పద్ధతులలో ఒకటి.

ఆశుతోష్ వార్ష్ణేయ 2002లో ప్రచురించిన గ్రంథం దీనికి మంచి నమూనా. 1950 నుంచి 1995 వరకు మన దేశంలో జరిగిన హిందూ ముస్లిం అల్లర్లను ఆయన, స్టీవెన్ విల్కిన్‌సన్ కలిసి ఒక దినపత్రిక సంచికల ఆధారంగా నమోదు చేశారు. ఆ కాలంలోని మరణాలలో దాదాపు 46 శాతం ఎనిమిది నగరాలలోనే సంభవించినట్లు తేలింది. ఆ ఎనిమిదింటిలో మన హైదరాబాదు ఒకటి. గ్రామాల వాటా 4 శాతంలోపే. అంటే ఈ జబ్బు దేశమంతటా సమంగా వ్యాపించి లేదు, కొన్నిచోట్ల గూడు కట్టుకుని ఉంది.

వార్ష్ణేయ అలీగఢ్‌ను కాలికట్‌తోనూ, హైదరాబాదును లక్నోతోనూ, అహ్మదాబాదును సూరత్‌తోనూ జతచేసి పరిశీలించారు. వర్తక సంఘాలు, కార్మిక సంఘాలు, వృత్తి సంఘాలు మొదలైనవాటిలో ఉభయ మతాలవారూ కలిసి పనిచేసేచోట పుకారు పుట్టినా మంట అంటుకోదని ఆయన నిర్ధారించారు. ఇరుగుపొరుగు పలకరింపులు మాత్రమే ఉంటే పెద్ద నగరాల్లో అవి చాలవు. 1948 నాటి నేతగాళ్ళ ఉదంతం ఇక్కడ మనకు గుర్తుకు రాక మానదు.

కాని కథ అక్కడితో ముగియలేదు. అల్లర్లు ఆగడం, ఆగకపోవడం ప్రభుత్వం పోలీసులకిచ్చే ఆజ్ఞపై ఆధారపడుతుందనీ, ఆ ఆజ్ఞ ఎన్నికల లెక్కలపై ఆధారపడుతుందనీ విల్కిన్‌సన్ 2004లో వాదించారు. అల్లర్లు వాటంతటవి పుట్టవనీ, వాటిని తయారుచేసే మనుషులు, ఏర్పాట్లు కొన్ని ఊళ్ళలో స్థిరంగా ఉంటాయనీ పాల్ బ్రాస్ 2003లో అలీగఢ్ ఆధారంగా రాశారు. సంఘాల బంధమా, ఓట్ల లెక్కా, అల్లర్ల యంత్రాంగమా? ఈ ముగ్గురూ ఒకే దేశాన్ని చూసి మూడు సమాధానాలిచ్చారు. విద్యార్థి పని నచ్చిన సమాధానాన్ని ఎంచుకోవడం కాదు. ఏ సమాధానం ఎక్కడిదాకా నిలుస్తుందో, ఎక్కడ కూలుతుందో సాక్ష్యాలతో పరీక్షించడమే. ఇది కేవలం పండితుల తగవు కాదు. సంఘాలే కారణమైతే మనం చేయవలసిన పని ఒకటి, పోలీసు ఆజ్ఞే కారణమైతే మరొకటి. రోగ నిర్ణయం తప్పితే మందు తప్పుతుంది, ప్రాణం పోతుంది.

మన వారసత్వంలో ఏముంది?

ఈ విద్యకు వెళ్ళే ముస్లిం విద్యార్థి వట్టి చేతులతో వెళ్ళడు. మన ఫిఖ్హ్ గ్రంథాలలో ‘అహ్కాముల్ బుగాత్’ అనే అధ్యాయం ఉంటుంది. అనగా తిరుగుబాటుదారులకు సంబంధించిన ఆదేశాలు. సూరె హుజురాత్ 9వ ఆయతు పోరాడుకుంటున్న రెండు విశ్వాస వర్గాల మధ్య రాజీ కుదర్చమని, ఒకటి దౌర్జన్యానికి దిగితే దానిని ఎదిరించమని, అది దారికి వస్తే మళ్ళీ న్యాయంతో సంధి చేయమని బోధిస్తుంది. హిజ్రీ 36లో, అనగా క్రీ.శ. 656లో, జమల్ యుద్ధ సందర్భంలో హజ్రత్ అలీ (రజి) పారిపోయేవారిని వెంటాడవద్దని, గాయపడినవారిని చంపవద్దని ఆదేశించినట్లు ఉల్లేఖనాలున్నాయి. ఖారిజీలు తనను బాహాటంగా నిందించినప్పటికీ, వారు ఆయుధం ఎత్తనంతవరకు మస్జిదులకు రాకుండా ఆపబోమని ఆయన చెప్పారు.

వీటిని ఆధారం చేసుకుని ఫుఖహాలు ఒక గీత గీశారు. ఒక అభిప్రాయంతో, వాదనతో, సంఘబలంతో పాలకుడిపై తిరగబడినవారు బాగీలు. దారికాచి బాటసారులను దోచి చంపేవారు ముహారిబులు. మొదటివారి విషయంలో కట్టుబాట్లు ఎన్నో ఉన్నాయి. వారి సొత్తు యుద్ధలబ్ధిగా పంచుకోరాదు, వారి స్త్రీలను, పిల్లలను బందీలుగా పట్టరాదు. రెండవవారికి శిక్ష కఠినం. ఈ చర్చ చరిత్రను ఖాలిద్ అబుల్ ఫజ్ల్ 2001లో ఒక పెద్ద గ్రంథంగా ఆంగ్లంలో రాశారు.

హైదరాబాదువారికి ఇందులో ఒక సొంత గురువు కూడా ఉన్నారు. 1908లో ఈ నగరంలో పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ జామియా నిజామియాలోనూ ఉస్మానియాలోనూ చదివారు. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో ఇస్లామీ అంతర్జాతీయ న్యాయంపై డాక్టరేటు పొంది, తిరిగి వచ్చి ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించారు. 1948 తర్వాత పారిస్‌లో స్థిరపడి, 2002లో అమెరికాలో కన్నుమూశారు. మదరసా విద్య, విశ్వవిద్యాలయ విద్య ఒకదానికొకటి అడ్డు కావని ఆయన జీవితమే సాక్ష్యం.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఫిఖ్హ్ ‘ఏమి చేయాలి’ అని చెబుతుంది. ఈ శాస్త్రం ‘ఏమి జరుగుతున్నది, ఎందుకు జరుగుతున్నది’ అని అడుగుతుంది. మన గ్రంథాలలో మంచి ఆదేశం ఉన్నంతమాత్రాన మన చరిత్రలో అదే జరిగిందని రుజువు కాదు. ఆదేశాన్ని చూపి ఆచరణను కప్పిపుచ్చడం విద్య కాదు.

రెండు ప్రమాదాలు

ఇప్పుడు ఆ తండ్రి అడిగిన రెండవ ప్రశ్నకు వద్దాము. ముస్లిం విద్యార్థికి ఈ దారిలో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి బయటిది, రెండవది లోపలిది.

బయటి ప్రమాదం అనుమానం. 2008లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఉగ్రవాదంపై పరిశోధిస్తున్న ఒక ముస్లిం ఎం.ఏ. విద్యార్థి తన పరిశోధనకు పనికివచ్చే ఒక పత్రాన్ని అమెరికా ప్రభుత్వ వెబ్‌సైటు నుంచే తీసుకున్నాడు. దానికే అతన్ని అరెస్టు చేసి, రోజుల తరబడి నిర్బంధించి, ఏ నేరమూ మోపకుండా వదిలిపెట్టారు. 2011లో పోలీసులు అతనికి 20 వేల పౌండ్ల పరిహారం చెల్లించారు. కనుక తల్లిదండ్రుల భయాన్ని వట్టి పిరికితనమనడం తగదు.

దీనికి విరుగుడు చదువు మానడం కాదు, జాగ్రత్త. పరిశోధనాంశాన్నీ, చదవదలచిన సామగ్రినీ ముందే గైడుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. విశ్వవిద్యాలయ నైతిక పరిశీలనా సంఘం అనుమతి కాగితం చేతికి వచ్చిన తర్వాతే పని మొదలుపెట్టాలి. వివాదాస్పద పత్రాలను గ్రంథాలయం ద్వారానే చూడాలి, స్నేహితులకు పంపరాదు. బాధితులను ప్రశ్నించేటప్పుడు వారి పేర్లను జవాబులతో కలిపి రాసుకోరాదు. నిలుపుకోలేని గోప్యతా వాగ్దానాలు ఎవరికీ చేయరాదు. పరిశోధకుడి నోటుపుస్తకం వల్ల ఒక పేదవాడి ఇంటిమీదికి ముప్పు రాకూడదు.

లోపలి ప్రమాదం ఇంతకంటే సూక్ష్మమైనది. తరగతిలో ఇస్లాం పేరు హింసతో ముడిపడి వినిపించినప్పుడల్లా మన విద్యార్థి తాను కోర్టులో ముద్దాయి తరఫు వకీలునని భావించుకుంటాడు. ప్రతి ప్రశ్నకూ సమర్థన వెదుకుతాడు. లేదా ఇంకొకడు అందరి మెప్పుకోసం తన సమాజాన్నంతటినీ నిందించడం మొదలుపెడతాడు. ఇద్దరూ త్రాసును వదిలివేసినవారే. వకీలుకు తీర్పు ముందే తెలుసు, పరిశోధకుడికి తెలియదు. తన వారికి వ్యతిరేకమైనా సరే సాక్ష్యాన్ని న్యాయంగా పలకమన్న ఖుర్ఆన్ ఆదేశం మనకు కంఠస్థమే. ఎం.ఏ. తరగతి దానికి పరీక్షాస్థలం.

ఇన్ని విన్న తర్వాత ఆ పెద్దమనిషి, “అయితే మావాడు దేనిమీద రాస్తే బాగుంటుంది సాబ్?” అని అడిగారు. నేను ఆయన సొంత ఊరి పేరు చెప్పాను. చుట్టుపక్కల పట్టణాలలో గొడవలు జరిగిన ఏళ్ళలో కూడా ఆ ఊళ్ళో ఒక్క దుకాణమూ కాలలేదని ఆయనే ఒకసారి నాతో అన్నారు. ఎందుకు కాలలేదో ఇంతవరకు ఎవరూ వెళ్ళి అడగలేదు. మార్కెట్ కమిటీలో ఉభయులూ ఉన్నందుకా? ఆనాటి ఎస్.ఐ. గట్టిగా నిలబడినందుకా? అల్లరి పెట్టేవారికి అక్కడ లాభం కనిపించనందుకా? ఆ సంగతి తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వాళ్ళుండగానే అడిగి రాసిపెట్టేవాడు కావాలి.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. “వాళ్ళమ్మకు కూడా ఇదంతా మీరే ఒకసారి చెప్పండి” అన్నారు. చెబుతానన్నాను.